తెలుగు టాలన్స్ ది ఏ ఊరు?

"తెలుగు టాలన్స్" అనే పేరు మీలో ఎంతమంది విన్నారు? విననివాళ్ళ కోసం చెప్తున్నా, అది కాలేజీ కుర్రాళ్ళ బ్యాండు కాదు, కొత్తగా పెట్టిన సాఫ్ట్‌వేర్ కంపెనీ కాదు. 2023 జూన్ లో జరిగిన ప్రీమియర్ హ్యాండ్‌బాల్ లీగ్ లో మన భాష పేరు పెట్టుకుని ఆడిన జట్టు. మన దేశంలో మగవాళ్ళ హ్యాండ్‌బాల్ కి వచ్చిన మొదటి ప్రొఫెషనల్ లీగ్ అది. టాలన్స్ అంటే డేగలాంటి వేటపక్షుల కాలిగోళ్ళు. తెలుగు జట్టుకి పెట్టిన పేరులో సగం తెలుగువాళ్ళకి నిఘంటువు చూస్తేగానీ అర్థం కాదు, అది వేరే సంగతి :)

మనవాళ్ళు రైల్లో ఇద్దరు కొత్తవాళ్ళు ఎదురుబొదురు కూర్చుంటే అడిగే మొదటి ప్రశ్న "మీదే ఊరండీ?". పేరు తర్వాత అడుగుతారు. ఈ జట్టుని కూడా అదే ప్రశ్న అడగాలనిపించింది నాకు. సమాధానం వెతుకుతూ పోతే హ్యాండ్‌బాల్ చరిత్ర మొత్తం ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతోందని అర్థమైంది. అదే ఇక్కడ చెప్పబోతున్నాను. కాస్త పెద్దదే, ఓపిక పట్టండి.

ముందు లీగ్ సంగతి. ఆరు జట్లు. మహారాష్ట్ర ఐరన్‌మెన్, గోల్డెన్ ఈగిల్స్ ఉత్తరప్రదేశ్, రాజస్థాన్ పేట్రియట్స్, గర్విత్ గుజరాత్, ఢిల్లీ పాంజర్స్, మన తెలుగు టాలన్స్. జూన్ 8 న మొదలై 25 న ముగిసింది. ప్రతి జట్టూ మిగతా ఐదింటితో రెండేసి సార్లు ఆడితే 30 మ్యాచులు, రెండు సెమీఫైనళ్ళు, ఒక ఫైనల్, మొత్తం 33. ఫైనల్లో మహారాష్ట్ర వాళ్ళు ఉత్తరప్రదేశ్ ని 38-24 తో ఓడించారు. టీవీలో స్పోర్ట్స్18, ఫోన్లో జియోసినిమా. అంతా బాగానే ఉంది. కాకపోతే ఆ 33 మ్యాచులూ ఒకే ఊళ్ళో, ఒకే హాల్లో జరిగాయి. జైపూర్ సవాయ్ మాన్‌సింగ్ ఇండోర్ స్టేడియం. అంటే మన పేరు పెట్టుకున్న జట్టు ఆ సీజన్ మొత్తంలో మన నేల మీద ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదన్నమాట. యజమాని అభిషేక్ రెడ్డి కంకణాల గారిది హైదరాబాదు, జట్టు పేరు తెలుగు, ఆడింది రాజస్థాన్ లో.

ఇది టాలన్స్ ఒక్కళ్ళ తప్పేమీ కాదు. 2022 లో అల్టిమేట్ ఖోఖో వచ్చింది, అందులో తెలుగు యోధాస్. పాపం ఫైనల్లో ఒడిషా మీద 46-45 తో, ఒక్క పాయింటు తేడాతో పోయారు. ఆ సీజన్ మొత్తం పూణేలో. అదే ఏడాది ప్రైమ్ వాలీబాల్ లీగ్ మొదటి సీజన్, అది మొత్తం మన గచ్చిబౌలిలోనే జరిగింది. అప్పుడు కాలికట్ వాళ్ళూ అహ్మదాబాద్ వాళ్ళూ తమ జట్లని టీవీలో చూసుకున్నారు. ఒకే హాలు అయితే ఖర్చు తక్కువ, కెమెరాలు ఒకసారి బిగిస్తే చాలు. నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి కాబట్టి నా భాషలో చెప్తా. క్లయింటుకి చూపించడానికి ముందు డెమో తయారుచేస్తాం. డెమో తప్పు కాదు, అవసరం కూడా. కాకపోతే డెమో చూసి ప్రాజెక్టు అయిపోయిందనుకోకూడదు.

సరే, అసలు ఈ ఆట ఎక్కడ పుట్టింది, ఎలా పెరిగింది?

తెలియనివాళ్ళకి ఆట రెండు ముక్కల్లో. కోర్టు 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు. జట్టుకి ఏడుగురు, అందులో ఒకడు గోల్‌కీపర్. గోల్ 3 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు. గోల్ ముందు 6 మీటర్ల దూరంలో ఒక గీత. దాని లోపల కీపర్ తప్ప ఎవడూ కాలు మోపకూడదు. అందుకే దాడి చేసేవాడు గీత బయట నుంచి ఎగిరి, గాల్లో ఉండగానే బంతి విసురుతాడు. బంతి చేతిలో ఉంటే మూడడుగులే, మూడు సెకన్లే. అటు 30 నిమిషాలు, ఇటు 30 నిమిషాలు. ఆపేవాళ్ళు గీత మీద గోడలా నిలబడి ఒంటితో అడ్డుకుంటారు. చెడుగుడు ఆడినవాడికి ఆ గోడ కొత్తగా అనిపించదు. వచ్చేవాడి కాళ్ళు కాకుండా నడుం ఏ వైపు తిరుగుతోందో చూడాలని మనకి ఎవరూ నేర్పక్కర్లేదు.

పుట్టింది డెన్మార్క్ లో, ఓ బళ్ళో. కోపెన్‌హాగెన్ దగ్గర ఆర్డ్రప్ అనే చోట హోల్గర్ నీల్సన్ అని ఒక మాస్టారు ఉండేవారు. 1896 ఏథెన్స్ ఒలింపిక్స్ లో కత్తిసాములోనూ, తుపాకీ గురిలోనూ పతకాలు తెచ్చుకున్న మనిషి. పిల్లలు ఫుట్‌బాల్ ఆడి కిటికీ అద్దాలు పగలగొడుతుంటే చేత్తో ఆడే ఆట ఒకటి తయారైందని అంటారు. ఆయన ఆ ఆటకి రూల్సు రాసి 1906 లో అచ్చువేయించారు. అన్నట్టు డేన్లు మన బందరుకి కొత్తవాళ్ళేమీ కాదు. 17వ శతాబ్దంలో ఇంగ్లీషువాళ్ళు, డచ్చివాళ్ళతో పాటు డేన్లకి కూడా మచిలీపట్నంలో వర్తక స్థావరం ఉండేది. మన బట్టలు పట్టుకెళ్ళారు, ఆట మాత్రం పట్టుకురాలేదు. అప్పటికి పుట్టలేదు కదా, వాళ్ళని ఏమనగలం :)

డెన్మార్క్ నుంచి జర్మనీ వెళ్దాం. 1917 లో బెర్లిన్ లో మాక్స్ హైజర్ ఆడవాళ్ళ కోసం రూల్సు మార్చి హ్యాండ్‌బాల్ అని పేరు పెట్టాడు. 1919 లో కార్ల్ షెలెంజ్ దాన్ని మగవాళ్ళకి తగ్గట్టు మొరటు చేశాడు. అప్పట్లో ఫుట్‌బాల్ మైదానంలో, జట్టుకి 11 మందితో ఆడేవాళ్ళు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్ ఫైనల్లో జర్మనీ ఆస్ట్రియాని 10-6 తో ఓడిస్తుంటే వానలో తడుస్తూ దాదాపు లక్షమంది చూశారు. అది ఆగస్టు 14. ఆ వానకే వాయిదాపడిన హాకీ ఫైనల్ మర్నాడు జరిగింది. ధ్యాన్‌చంద్ జట్టు జర్మనీని 8-1 తో చిత్తుచేసింది అందులోనే. అంతే కాదు, అమరావతి (మహారాష్ట్రది) నుంచి వెళ్ళిన హనుమాన్ వ్యాయామ ప్రసారక మండల్ వాళ్ళు ఆ బెర్లిన్ లోనే కబడ్డీ ఆడి చూపించారు. అంటే కబడ్డీ, హ్యాండ్‌బాల్ రెండూ ఒకే ఊళ్ళో ఒకే నెలలో ప్రపంచానికి కనిపించాయి.

తర్వాత చలి దేశాల్లో శీతాకాలం బయట ఆడలేక ఆట హాల్లోకి వెళ్ళింది, 11 మంది ఏడుగురయ్యారు. 1946 లో కోపెన్‌హాగెన్ లో అంతర్జాతీయ సమాఖ్య పెట్టారు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ లో హాల్లో ఆడే హ్యాండ్‌బాల్ మొదటిసారి వచ్చింది, యుగోస్లావియా గెలిచింది.

ఇక్కడి నుంచి నాకు ఆసక్తిగా అనిపించిన భాగం. జర్మనీలో పై స్థాయి లీగు బుండెస్‌లిగా. హాల్లో ఆడే ఆటకి 1966 లో మొదలైంది. మొదట ఉత్తరం, దక్షిణం అని రెండు గ్రూపులు. 1977 లో అందరినీ కలిపి ఒకటే లీగ్ చేశారు. ఇప్పుడు ప్రపంచంలో గట్టి లీగు ఏదని అడిగితే ఎక్కువమంది దాని పేరే చెప్తారు. ఆ లీగుని ఏలిన ఊళ్ళ పేర్లు చూడండి. గుమ్మర్స్‌బాహ్, జనాభా 50 వేల చిల్లర. 12 సార్లు జర్మనీ ఛాంపియన్, యూరప్ కప్పు ఐదుసార్లు. గోపింగెన్, లెమ్గో, ఫ్లెన్స్‌బుర్గ్... వీటిలో ఏదీ లక్ష దాటదు. మన గుడివాడ 2011 లెక్కల్లోనే 1 లక్షా 18 వేలు, మచిలీపట్నం 1 లక్షా 70 వేలు.

అసలు చిత్రం గ్రోస్‌వాల్‌స్టాట్. మైన్ నది ఒడ్డున ఉన్న పల్లెటూరు. జనాభా సుమారు 4 వేలు. అవనిగడ్డలో ఆరో వంతు. 1978 నుంచి 1981 దాకా వరుసగా నాలుగుసార్లు జర్మనీ ఛాంపియన్ ఆ పల్లెటూరి జట్టు. 1979 లో, 1980 లో యూరప్ కప్పు కూడా. నాగాయలంక జట్టు వరసగా రెండేళ్ళు ఆసియా కప్పు గెలిచిందని ఊహించుకోండి. అదన్నమాట లెక్క.

ఎలా సాధ్యమైంది? డబ్బున్న దేశం కాబట్టి అనేస్తే సులువు. డబ్బున్న ఊళ్ళు జర్మనీలో వేరే ఉన్నాయి, మ్యూనిక్, ఫ్రాంక్‌ఫర్ట్. అవి ఫుట్‌బాల్ కి వెళ్ళిపోయాయి. చిన్న ఊళ్ళకి హ్యాండ్‌బాల్ దొరికింది. పట్టుకున్నాయి. పట్టుకోవడానికి వాళ్ళ చేతిలో ముందే ఒకటుంది, క్లబ్బు. గుమ్మర్స్‌బాహ్ క్లబ్బు పుట్టింది 1861 లో. గ్రోస్‌వాల్‌స్టాట్ ది 1888. అంటే హ్యాండ్‌బాల్ అనే ఆటే పుట్టకముందు. అవి మొదట వ్యాయామ సంఘాలు. ఊళ్ళోవాళ్ళు సభ్యులై చందా కట్టి పెట్టుకున్నవి. ఆట తర్వాత వచ్చింది, లీగ్ ఇంకా తర్వాత వచ్చింది. మొదట ఊరు, తర్వాత సంఘం, తర్వాత ఆట, అన్నిటికంటే ఆఖర్న లీగ్. మనం ఈ వరసని తిరగేసి ముందు లీగ్ పెట్టాం.

ఊరి క్లబ్బుకీ ఫ్రాంచైజీకీ తేడా గెలిచినప్పుడు తెలీదు, ఓడినప్పుడే తెలుస్తుంది. గుమ్మర్స్‌బాహ్ 2019 లో చరిత్రలో మొదటిసారి పై లీగు నుంచి కిందకి పడిపోయింది. ఊరు ఊరుకోలేదు. కింది లీగులో మూడేళ్ళు ఆడి 2022 లో మళ్ళీ పైకొచ్చింది. గ్రోస్‌వాల్‌స్టాట్ 2013 లో పడింది, డబ్బు ఇబ్బందులు వచ్చాయి. నిజం చెప్పాలంటే జర్మనీలోనూ డబ్బు పెద్ద నగరాల వైపు జరుగుతోంది. 2025 లో బెర్లిన్ జట్టు మొదటిసారి ఛాంపియన్ అయింది. కానీ ఆ బెర్లిన్ జట్టులో మొనగాడెవరో తెలుసా? మథియాస్ గిడ్సెల్. 2024 పారిస్ ఒలింపిక్స్ హ్యాండ్‌బాల్ లో అత్యుత్తమ ఆటగాడు. అతను పైకొచ్చింది డెన్మార్క్ లో జీ.ఓ.జీ అనే క్లబ్బు నుంచి.

ఈ జీ.ఓ.జీ అంటే ఏమిటో తెలిశాక నేను కుర్చీలోంచి లేచాను. గుడ్మె, ఊరె, గుడ్‌బియర్. మూడు పల్లెటూళ్ళ పేర్లలో మొదటి అక్షరాలు! ఒక్క ఊరికి జట్టు కట్టే సత్తా లేకపోతే మూడు ఊళ్ళు కలిసి కట్టుకున్నాయి. 2022, 2023 రెండేళ్ళూ డెన్మార్క్ ఛాంపియన్ ఆ మూడు పల్లెల జట్టే. డెన్మార్క్ మొత్తం జనాభా 60 లక్షలు. 2011 లో మన పాత కృష్ణా జిల్లా ఒక్కటే 45 లక్షలు. ఆ 60 లక్షల దేశం 2019, 2021, 2023, 2025 లో వరసగా నాలుగు ప్రపంచ కప్పులు గెలిచింది.

మనకీ మూడు ఊళ్ళున్నాయి కదా అనిపించింది. మాది గుడివాడ. ఇంటర్ బందర్లో చదివాను. అమ్మమ్మగారి ఊరు దివిసీమలో, కోడూరు దగ్గర. 2022 లో జిల్లాలు విడగొట్టాక విజయవాడ అటు పోయింది, ఈ మూడూ కృష్ణా జిల్లాలో మిగిలాయి. బస్సెక్కితే ఒకదాన్నుంచి ఒకదానికి గంటా, గంటన్నర. మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ. మొదటి అక్షరాలు కలిపితే "మగుది". వినడానికి బాలేదనుకోండి, జీ.ఓ.జీ మాత్రం ఏం బావుంది :)

ఇప్పుడు మన దేశంలో ఆట కథ. ఇది మ్యూనిక్ ఒలింపిక్స్ ఏడాదే, 1972 లో మొదలైంది. హర్యానాకి చెందిన జగత్ సింగ్ చౌహాన్ ఈ ఆటని తెచ్చారు. ఆ ఏడాదే సమాఖ్య పుట్టింది, రోహ్‌తక్ లో మొదటి జాతీయ పోటీలు జరిగాయి. 1982 ఢిల్లీ ఏషియాడ్ తో హ్యాండ్‌బాల్ ఆసియా క్రీడల్లోకి వచ్చింది. ఆ తర్వాత మన దగ్గర ఆట నిలబడింది రైల్వేస్, సర్వీసెస్, పోలీసు జట్ల మీద. అంటే ఉద్యోగం మీద. ఊళ్ళ మీద కాదు. 2022 మార్చిలో ఆల్మటీలో మన జూనియర్ అమ్మాయిలు ఆసియా ఛాంపియన్లయ్యారు. పేపర్లో ఎంత చోటిచ్చారో మీరే గుర్తు తెచ్చుకోండి.

ఉద్యోగం మీద నిలబడ్డ ఆట ఎలా ఉంటుందో నాకు మా పిన్ని కొడుకు వల్ల తెలుసు. వాడు డిగ్రీ చదివే రోజుల్లో హ్యాండ్‌బాల్ ఆడేవాడు. ఎందుకురా అదే ఎంచుకున్నావ్ అంటే "క్రికెట్ కి వందమంది వస్తారన్నయ్యా, దీనికి పద్నాలుగు మంది దొరకడమే కష్టం. సర్టిఫికెట్ తొందరగా వస్తుంది" అన్నాడు. స్పోర్ట్స్ కోటా గురించి వాడికున్న స్పష్టత నాకు నా ఉద్యోగం గురించి కూడా లేదు. 2023 జూన్ లో జియోసినిమాలో టాలన్స్ మ్యాచ్ పెట్టి వాడికి ఫోన్ చేశాను. చూస్తూ వాడడిగిన ప్రశ్న ఇప్పటికీ నాకు గుర్తే. "వీళ్ళు ఏ క్లబ్బులో ఆడి ఇక్కడికొచ్చారన్నయ్యా? మనం వెళ్ళాలంటే ముందు ఎక్కడ చేరాలి?"

క్రికెట్ అయితే చెప్పగలం. జిల్లా సంఘం, అండర్-16, రంజీ అని మెట్లు లెక్కపెట్టొచ్చు. గుమ్మర్స్‌బాహ్ కుర్రాడైతే ఆ ప్రశ్న అడగనే అడగడు, వాళ్ళ వీధి చివరే ఉంటుంది క్లబ్బు. కోడూరు కుర్రాడికి చెప్పడానికి నా దగ్గర మధ్యలో మెట్టు లేదు. కింద కాలేజీ గ్రౌండు, పైన జైపూర్. మధ్యలో గాలి. లీగ్ ఎంత బాగా జరిగినా ఆ గాలి గాలిగానే ఉంటే, లీగ్ వల్ల వాడికి ఒరిగేది టీవీలో ఒక కార్యక్రమం మాత్రమే.

"ప్రో కబడ్డీ కూడా పైనుంచే వచ్చింది కదా, అది ఎందుకు నిలబడింది?" అని మీరడగొచ్చు. మంచి ప్రశ్న. 2014 లో ప్రో కబడ్డీ వచ్చేసరికి చెడుగుడు ఆడని ఊరు లేదు. లీగ్ దాని మీద లైట్లూ చాపా వేసింది, అంతే. పైగా మొదటి సీజన్ లోనే జట్లు ఊరూరా తిరిగాయి, తెలుగు టైటాన్స్ వైజాగ్ లో ఆడారు. అంటే "మీదే ఊరు" అన్నదానికి వాళ్ళ దగ్గర ఒక సమాధానముంది. కింద పునాది ఉన్న ఆటకి పైనుంచి లీగ్ పెట్టొచ్చు. పునాది లేని ఆటకి పెడితే అది 18 రోజుల డెమో అవుతుంది.

ఇంకో మాట కూడా వినిపిస్తుంది, "మనవాళ్ళకి సంఘాలు పెట్టుకునే అలవాటు లేదండీ, అన్నీ ప్రభుత్వమే చెయ్యాలి" అని. ఈ మాట ఇంకే ఊరివాళ్ళయినా అనొచ్చు గానీ బందరువాళ్ళు అనకూడదు. 1902 లో ఆ ఊళ్ళో కృష్ణాపత్రిక పుట్టింది. 1910 లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య గార్లు ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు, తెల్లవాళ్ళ సర్కారు మీద ఆధారపడకుండా. 1923 లో పట్టాభి గారు ఆంధ్రా బ్యాంకు పెట్టారు. 2020 లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయేదాకా అది 96 ఏళ్ళు నడిచింది. పత్రిక, కాలేజీ, బ్యాంకు. సొంతంగా ఇవన్నీ పెట్టుకున్న ఊరికి ఒక ఆటల క్లబ్బు పెట్టుకోవడం చేతకాదంటే నేను నమ్మను. గుడివాడలో అక్కినేని నాగేశ్వరరావు గారి పేరున్న కాలేజీ సంగతి మీకు తెలిసిందే. ఊరివాళ్ళు పూనుకుని పెట్టుకున్న కాలేజీ అది, ఆయనా విరాళమిచ్చారు.

ఊరి పేరు ఎంత దూరం వెళ్తుందో చెప్పడానికి కూడా మనం జర్మనీ వెళ్ళక్కర్లేదు. మొవ్వ మండలంలో కూచిపూడి అని ఒక పల్లె ఉంది. ఆ ఊరి పేరే ఒక నాట్యానికి పేరైంది. దానికి "తెలుగు టాలన్స్" లాంటి పేరు ఎవరూ పెట్టలేదు. ఆ ఊరి భాగవతులు తరతరాలుగా బృందాలు కట్టి ఊరూరా తిరిగి ఆడారు, ప్రపంచం వాళ్ళని ఊరి పేరుతో పిలిచింది.

ఇక హాలు సంగతి. హ్యాండ్‌బాల్ కి హాలు కావాలి, మనకి డబ్బెక్కడిది అంటారు. మొదలుపెట్టడానికి హాలు అక్కర్లేదు. జర్మనీవాళ్ళే దశాబ్దాల పాటు బయట ఆడారు. హైస్కూలు గ్రౌండులో 40 బై 20 చోటు, రెండు గోల్‌పోస్టులు, నాలుగు బంతులు, నేర్పే పీఈటీ మాస్టారు ఉంటే చాలు. ఇందులో ఖరీదైంది, దొరకనిది ఆఖరిదే.

కానీ హాలు ఎప్పటికైనా కట్టాలనుకుంటే దివిసీమలో దానికి ఆటని మించిన కారణం ఉంది. 1977 నవంబరు 19 న ఉప్పెన వచ్చింది. అధికారిక లెక్కల్లోనే పదివేలమందికి పైగా పోయారు. ఆ రాత్రి సంగతి మా అమ్మమ్మ చెప్పేటప్పుడు ఒక్క మాట దగ్గర ఆగేది, "ఎక్కడానికి గట్టి మిద్దె లేదురా". ఆ తర్వాత తీరం వెంబడి తుఫాను షెల్టర్లు కట్టారు. 1990 మే లో మళ్ళీ పెద్ద తుఫాను, 2025 అక్టోబర్ లో మొంథా. ఇవి వస్తూనే ఉంటాయి. షెల్టరుతో వచ్చే చిక్కల్లా, ఏడాదిలో ఓ నాలుగు రోజులే పనికొస్తుంది, మిగతా రోజులు తాళం. తాళం వేసిన భవనం తొందరగా పాడవుతుంది. జపాన్ లో బళ్ళ జిమ్నాజియంలే భూకంపాలప్పుడు, వరదలప్పుడు జనానికి ఆశ్రయం. రోజూ పిల్లలు ఆడతారు కాబట్టి కప్పు కారితే మర్నాడే తెలుస్తుంది, మరుగుదొడ్లు పనిచేస్తుంటాయి, దారి అందరికీ తెలుసు. ఎత్తు మీద కట్టిన 40 బై 20 హాలంటే 800 చదరపు మీటర్లు. రోజూ ఆట, తుఫాను నాడు ఊరు. ప్రభుత్వానికి అర్జీ పెట్టాలంటే నేను "హ్యాండ్‌బాల్ స్టేడియం" అని రాయను, "పిల్లలు ఆడుకునే తుఫాను షెల్టరు" అని రాస్తాను.

నాగాయలంకలో కృష్ణ ఒడ్డున కయాకింగ్, కెనోయింగ్ నేర్పుతున్నారు. ఆ ఆటలూ బయటనుంచి వచ్చినవే. కానీ పక్కనే ఏరుంది, పడవ ఎక్కడం పుట్టుకతో వచ్చిన పిల్లలున్నారు. బయటి ఆట లోపలి అలవాటుతో కలిస్తే ఎలా ఉంటుందో చెప్పడానికి అది మంచి ఉదాహరణ. చెడుగుడు గోడ కట్టడం వచ్చిన పిల్లలకి హ్యాండ్‌బాల్ కూడా అలాంటిదే అని నా నమ్మకం.

లీగ్ పెట్టినవాళ్ళని తిట్టడానికి ఇదంతా చెప్పలేదు. డబ్బు పెట్టారు, ఆటగాళ్ళకి జీతాలిచ్చారు, హ్యాండ్‌బాల్ అనే ఆట ఒకటుందని ఫోన్లో చూపించారు. మా తమ్ముడికి ఆ ప్రశ్న పుట్టిందే ఆ లీగ్ వల్ల. నేను చెప్పొచ్చేదేమిటంటే, ఆ ప్రశ్నకి సమాధానం ఇవ్వాల్సింది జైపూర్ కాదు, హైదరాబాద్ కాదు. సమాధానం బందర్లో, గుడివాడలో, అవనిగడ్డలో ఉండాలి.

ముందుగా చెయ్యగలిగింది చిన్నదే. మూడు చోట్లా ఒక్కో హైస్కూలు లేదా కాలేజీ గ్రౌండులో గీతలు గీయడం. వేసవి సెలవుల్లో నెలరోజులు నేర్పించడం. సంక్రాంతికి ఊళ్ళన్నీ నిండుతాయి, అమెరికా నుంచి కూడా వస్తారు. ఎడ్ల పందేలకీ, ముగ్గుల పోటీలకీ ఉన్న జనంలో ఒక మధ్యాహ్నం మూడు ఊళ్ళ మధ్య మూడు మ్యాచులు పెట్టడం. జట్టుకి పులుల పేర్లు, గద్దల పేర్లు వద్దు. చొక్కా మీద ఊరి పేరు రాయిస్తే చాలు. ఆడపిల్లల జట్టు కూడా మొదటి ఏడాదే, "తర్వాత చూద్దాం" అని కాదు.

మా బ్యాచ్ లో కొందరితో మాట్లాడాను. గుడివాడ నుంచి ఇద్దరు, బందరు నుంచి ముగ్గురు సరేనన్నారు. గోల్‌పోస్టులు వెల్డింగ్ చేయించే పూచీ ఒకాయన తీసుకున్నాడు. దివిసీమ వైపు నుంచి మాత్రం నేర్పగల పీఈటీ మాస్టారు ఇంకా దొరకలేదు. అవనిగడ్డ, మోపిదేవి, నాగాయలంక, కోడూరు వైపు యూనివర్సిటీ స్థాయిలోనైనా హ్యాండ్‌బాల్ ఆడినవాళ్ళు మీకు తెలిస్తే చెప్పండి. నలభై దాటినా పర్లేదు, విజిల్ ఊదగలిగితే చాలు.